గటగట ధర నుంచి నిఫ్టీ దాకా: ఇంటి ట్రేడింగు విశేషాలు

ద్రాక్షారామంలో డచ్చివాళ్ల కొట్టు

ప్రపంచంలో మొదటిసారిగా షేర్లు జనం చేతుల్లో పడి, రోజూ కొనుగోళ్లూ అమ్మకాలూ జరిగిన కంపెనీ డచ్చి ఈస్టిండియా కంపెనీ. 1602లో పుట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాని షేర్ల బేరాలు సాగేవి. ఆ కంపెనీకి 17వ శతాబ్దంలో మన గోదావరి డెల్టాలో పాలకొల్లులోనూ, ద్రాక్షారామంలోనూ వర్తక స్థావరాలు ఉండేవి. ఇక్కడి మగ్గాల మీద నేసిన బట్ట ఓడలెక్కి వెళ్లేది. ఆ సరుకు మీద వచ్చే లాభాన్ని ముందే ఊహించుకుని అక్కడి జనం షేరు ధరను పెంచేవారు, దించేవారు. 1688లో జోసెఫ్ డి లా వేగా అనే వర్తకుడు ఆ బజారు మీద ఒక పుస్తకమే రాశాడు. షేర్ మార్కెట్ గురించి వచ్చిన తొలి పుస్తకంగా దాన్నే చెబుతారు. ఈనాడు అమలాపురం కుర్రాడు ఫోన్‌లో కొనే ఆప్షన్లూ, పుకార్లతో ధరలు పడగొట్టడమూ, అప్పుచేసి కొని చేతులు కాల్చుకోవడమూ అన్నీ అందులో ఉన్నాయి. 2022లో ద్రాక్షారామం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. షేర్ల బేరానికీ ఈ సీమకూ చుట్టరికం మూడు వందల ఏళ్ల పైమాటే.

అంబాజీపేట ధరల పట్టిక

కోనసీమలో స్క్రీన్ మీద పచ్చ, ఎరుపు అంకెలు చూడకముందే ధరల పట్టిక చదివే అలవాటు ఇంటింటా ఉంది. జిల్లా పేపరు తిప్పితే అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు కనిపిస్తాయి. కొత్త కొబ్బరి క్వింటా ఇంత, కురిడీ పాతవి గండేరా వెయ్యి ఇంత, గటగట వెయ్యి ఇంత, నీటికాయ ముక్కుడు వెయ్యి ఇంత, పచ్చికాయ వెయ్యి ఇంత. బయటివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇక్కడి పెద్దలు మాత్రం కాఫీ తాగుతూ ఆ వరుసలన్నీ చూసి, "ఇంకో నెల ఆగుదాం" అనేస్తారు.

ఆ ఆగడమే కురిడీ వ్యాపారం. దించిన కాయను అటక మీద పోసి నెలల తరబడి కదపరు. లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడిపోతుంది. ఈలోగా ధర పడిపోవచ్చు, పెరగనూ వచ్చు. 2025 సీజనుకు కేంద్రం కురిడీకి ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 12,100 రూపాయలు, మిల్లింగు కొబ్బరికి 11,582. ఆ ఏడాది దేశమంతటా కొబ్బరి ధర రేగిపోయి, మద్దతు ధరను ఎక్కడో వెనక వదిలేసింది. అటక నిండా కాయ ఉన్నవాడు బాగుపడ్డాడు, ముందే తెగనమ్మినవాడు చూస్తూ ఉండిపోయాడు.

ఇది కూడా ట్రేడింగే, ఇంట్లో కూర్చుని చేసేదే. కాకపోతే అటక మీది కాయకు రోజూ సాయంత్రం లెక్క తేల్చమనేవాడు లేడు. ధర పడిన మధ్యాహ్నం ఫోన్ చేసి "ఇంకో యాభై వేలు వెయ్యండి, లేకపోతే అమ్మేస్తాం" అనే బ్రోకరు లేడు. ఫలానా మంగళవారం మూడున్నరకల్లా విలువ సున్నా అయిపోతుందన్న గడువూ లేదు. నా దృష్టిలో ఇంటి ట్రేడింగులో ఉన్న అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. డబ్బు పోవడానికి ముందే, ఆగే హక్కు పోతుంది.

బియ్యం నుంచి పుట్టిన బొమ్మలు

ట్రేడరు రోజంతా చూసే కొవ్వొత్తి చార్టులు కంపెనీల కోసం పుట్టినవి కావు. జపాన్‌లో ఒసాకా నగరపు దోజిమాలో 1730లో బియ్యం ముందస్తు బేరాలకు ప్రభుత్వం అనుమతినిచ్చింది. 18వ శతాబ్దపు బియ్యం వర్తకుడు మునెహిసా హొమ్మా పేరు మీద ఈ చార్టుల పద్ధతిని చెప్పుకుంటారు. వరి పండించే సీమకు ఇదంత పరాయి విద్యేమీ కాదు.

డిష్ నుంచి జేబులోకి

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ 1875 నాటిది, ఆసియాలోకెల్లా పాతది. హైదరాబాద్‌కూ సొంత ఎక్స్ఛేంజీ ఉండేది. 1943లో మొదలై, 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. దాన్నీ, దేశంలోని మిగతా ప్రాంతీయ ఎక్స్ఛేంజీలనూ వెనక్కి నెట్టింది నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ). 1994లో ట్రేడింగు మొదలెట్టి, బ్రోకరు ఆఫీసు డాబా మీద పెట్టిన డిష్ ద్వారా ఉపగ్రహంతో చిన్న ఊళ్లను బొంబాయికి కలిపింది. 1996లో షేర్లను కంప్యూటర్ ఖాతాలో ఉంచే డీమ్యాట్ వచ్చి కాగితం షేర్లూ, సంతకం కలవలేదని వెనక్కొచ్చే బాధలూ తగ్గాయి. 2000లో ఇంటర్నెట్ ట్రేడింగు మొదలైంది. 2010లో జెరోధా లాంటి తక్కువ కమిషన్ బ్రోకర్లు రావడంతో ఎంత పెద్ద ఆర్డరైనా ఇరవై రూపాయలే అన్న లెక్క వచ్చింది.

ఆ తర్వాత లాక్‌డౌన్. 2020 మార్చి నాటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు సుమారు 4.1 కోట్లు. 2025 ఆగస్టుకల్లా 20 కోట్లు. ఈ పెరుగుదలకు ఇంకో కారణం కూడా ఉంది. 2020 మార్చి 24న నేషనల్ ఎక్స్ఛేంజీ సూచీ నిఫ్టీ 7,511 దాకా పడి, 2021 అక్టోబరుకల్లా 18,600 తాకింది. ఆ ఏడాదిన్నరలో మార్కెట్లోకి దిగినవాళ్లకు ఏది కొన్నా లాభమే. ఐటీ ఉద్యోగం చేస్తూ ఇంటికొచ్చిన అబ్బాయి, కాలేజీ మూతపడిన తమ్ముడు, ఇద్దరూ గెలిచారు. పెరిగే మార్కెట్ ఇచ్చిన డబ్బును తమ తెలివి అనుకున్నవాళ్లు ఆ తర్వాత షేర్లు వదిలి, ఫలానా గడువులోగా ధర ఎటు కదులుతుందో ఊహించి కొనే ఆప్షన్లలోకి వెళ్లారు. దెబ్బ తగిలింది అక్కడే.

పదిమందిలో తొమ్మిదిమంది

పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతారన్న మాట ఎవరో భయపెట్టడానికి అన్నది కాదు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఖాతాల లెక్కలు తీసి చెప్పింది. 2024 సెప్టెంబరులో వెలువడిన అధ్యయనం ప్రకారం 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. ఖర్చులు కలుపుకుని తలా సగటున సుమారు రెండు లక్షలు. మొత్తం 1.8 లక్షల కోట్ల పైచిలుకు. ఖర్చులన్నీ పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నవాళ్లు ఒక్క శాతం.

ఆ నివేదికలో నన్ను బాధపెట్టిన అంకెలు వేరే ఉన్నాయి. ఈ ట్రేడర్లలో 72 శాతానికి పైగా దేశంలోని మొదటి ముప్ఫై పెద్ద నగరాలకు బయటివాళ్లు. అంటే మన అమలాపురాలు, రాజోళ్లు, కొత్తపేటలు. మూడొంతుల మందికి పైగా తమ ఏడాది ఆదాయం అయిదు లక్షల లోపేనని చెప్పినవాళ్లు. ముప్ఫై ఏళ్ల లోపువాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి ఎగబాకింది. వరసగా రెండేళ్లు నష్టపోయినవాళ్లలో 75 శాతానికి పైగా మళ్లీ మూడో ఏడాదీ ఆడారు. 2025 ఆర్థిక సంవత్సరపు లెక్కా తేలింది: నష్టపోయినవాళ్లు 91 శాతం, మొత్తం నష్టం లక్షా అయిదు వేల కోట్లు.

ఇంత డబ్బు ఎక్కడికి పోయింది? 2024 ఆర్థిక సంవత్సరంలో సొంత డబ్బుతో ట్రేడింగు చేసే సంస్థలు 33,000 కోట్లు, విదేశీ మదుపు సంస్థలు 28,000 కోట్లు స్థూల లాభం చేసుకున్నాయి. ఆ లాభంలో 96, 97 శాతం మనుషులు బటన్ నొక్కి చేసింది కాదు, కంప్యూటర్ అల్గారిథంలు చేసింది. కొత్తపేటలో ఫోన్ పట్టుకున్నవాడికి ఎదుట ఉన్నది ఇంకో ఫోన్ పట్టుకున్నవాడేనని అనుకోకూడదు.

ఆప్షన్లు కాకుండా మామూలు షేర్లలోనే పొద్దున కొని సాయంత్రానికి అమ్మేసేవాళ్ల మాటేమిటి? 2023 ఆర్థిక సంవత్సరంలో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఏడాదికి అయిదు వందలకు మించి లావాదేవీలు చేసినవాళ్లలో అది 80 శాతం. ఎక్కువ చేస్తే ఎక్కువ వస్తుందన్న నమ్మకం లెక్కల ముందు నిలవలేదు.

రూపాయి లాభం

"నాకు పెద్ద ఆశలేమీ లేవండీ, ఒక్క రూపాయి కదిలితే చాలు, తీసేసుకుంటాను" అనేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఆ రూపాయిని ఒకసారి దగ్గరగా చూద్దాం.

2025 నాటి రేట్లతో నిఫ్టీ ఆప్షన్ ఒక లాట్, అంటే 75. ప్రీమియం వంద రూపాయల దగ్గర కొని నూటొక్క దగ్గర అమ్మాడు. చేతికొచ్చింది 75 రూపాయలు. కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20, బ్రోకరేజీ నలభై. అమ్మకం విలువ మీద లావాదేవీ పన్ను నూటికి పది పైసల చొప్పున ఏడున్నర. ఎక్స్ఛేంజీ రుసుము అయిదు రూపాయల పైన. వీటిలో బ్రోకరేజీ, రుసుముల మీద జీఎస్టీ ఎనిమిది. స్టాంపు చిల్లర. మొత్తం 61 రూపాయలు. డెబ్బై అయిదులో మిగిలింది పద్నాలుగు.

అదే రూపాయి అటు కాక ఇటు కదిలితే 75కు 61 కలిపి 136 రూపాయలు పోతాయి. ఒకసారి ఓడితే పూడ్చుకోవడానికి దాదాపు పదిసార్లు గెలవాలి. ఇరవై రూపాయలంటే ఏముందిలే అనిపిస్తుంది. రోజుకు పది ఆర్డర్లు, నెలకు ఇరవై రోజులు వేసుకుంటే బ్రోకరేజీ ఒక్కటే నాలుగు వేలు. సెబీ లెక్కలో 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు సగటున 26,000 రూపాయలు ఖర్చుల కిందే కట్టారు.

ఎక్స్‌పైరీ రోజూ, కోనసీమ కష్టమూ

2022 మే 24, మంగళవారం. జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగి, ఇళ్లు తగలబడ్డాయి. ఆ సాయంత్రం నుంచి కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ప్రాంతాలవారీగా తిరిగి వచ్చేసరికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం జిల్లా దాటి వెళ్లడం అప్పట్లో పత్రికలు రాశాయి. ట్రేడర్ల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు. ఆ గురువారం, మే 26, ఆప్షన్ల గడువు ముగిసే నెలవారీ ఎక్స్‌పైరీ. పొజిషన్ తెరిచి ఉంచుకున్నవాడికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

అలాంటప్పుడు దారి ఏమిటో చాలామందికి తెలియదు. మొబైల్ డేటా పోయినా కాల్స్ పనిచేస్తుంటే, బ్రోకరుకు ఫోన్ చేసి ఆర్డరు చెప్పవచ్చు. దీన్ని కాల్ అండ్ ట్రేడ్ అంటారు. కొన్ని బ్రోకరేజీలు ఆర్డరుకు 50 రూపాయలు అదనంగా తీసుకుంటాయి. ఆ నంబరు యాప్‌లో ఉంటుంది. యాప్ తెరుచుకోనప్పుడు యాప్‌లో ఉన్న నంబరుతో పనేముంది? గోడ మీద క్యాలెండరు పక్కన పెన్నుతో రాసి పెట్టుకోవాలి. ఇంకోటి కూడా తెలిసి ఉండాలి. 2019 అక్టోబరు నుంచి విడి షేర్ల ఫ్యూచర్లు, ఆప్షన్లు అన్నీ ఎక్స్‌పైరీ నాడు నగదుతో తేలవు. షేర్లే ఇవ్వాలి, లేదా మొత్తం డబ్బు కట్టి తీసుకోవాలి. పది వేలతో కొన్న ఆప్షన్‌ను మరిచిపోతే లక్షల విలువైన షేర్లకు బాధ్యత మీద పడవచ్చు.

ఇదేదో ఒక్కసారి జరిగిన వింత అనుకుంటే, 2025 అక్టోబరు 28 చూడండి. అప్పటికి ఎన్‌ఎస్‌ఈ ఎక్స్‌పైరీ మంగళవారానికి మారింది. ఆ నెలలో చివరి మంగళవారం అదే. ఆ రోజే మొంథా తుపాను కోనసీమను కమ్ముకొచ్చి, రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసినవాళ్లు గాలి పెరగ్గానే కిటికీలు బిగించుకుని, కరెంటు మీద ఆశ వదిలేసుకున్నారు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరాన ట్రేడింగు చేసేవాడికి వాతావరణ శాఖ బులెటిన్ కూడా మార్కెట్ వార్తే. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పొజిషన్లు ముందు రోజే మూసేయడం పిరికితనం కాదు.

మన కాళ్ల కింది గ్యాసు, అమెరికా ధర

1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. ఆ మంట చూసినవాళ్లు, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలుడు చూసినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. సహజవాయువు అంటే కోనసీమకు పేపర్లో మాట కాదు. అందుకేనేమో, రాత్రిపూట సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో నేచురల్ గ్యాస్ ట్రేడింగు చేసే కుర్రాళ్లలో కొందరు ఇక్కడి ఓఎన్‌జీసీ వార్తలు చూసి కొనేస్తుంటారు.

ఎంసీఎక్స్‌లో తిరిగే ఆ ధరకూ కృష్ణా గోదావరి బేసిన్‌కూ సంబంధం లేదు. అది అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో హెన్రీ హబ్ అనే పైపులైన్ల కూడలి ధరను అనుసరించి నడుస్తుంది. న్యూయార్క్‌లో చలి పెరుగుతుందా, అమెరికా గోదాముల్లో నిల్వ ఎంత అన్నదే దానికి ప్రాణం. ఆ నిల్వల నివేదిక సాధారణంగా గురువారం రాత్రి మనకు ఎనిమిదింటికో తొమ్మిదింటికో వస్తుంది. ఆ అయిదు నిమిషాల్లో స్క్రీన్ అల్లకల్లోలం అవుతుంది. మన నేల నుంచి తీసే పాత బావుల గ్యాసు ధరను 2023 ఏప్రిల్ నుంచి ముడిచమురు ధరలో పది శాతంగా, పైన పరిమితి పెట్టి, కేంద్రమే నిర్ణయిస్తోంది. రెండూ రెండు లోకాలు.

రాత్రి మార్కెట్ ఎంత దూరం పోగలదో 2020 ఏప్రిల్ 20 చూపించింది. లాక్‌డౌన్ కారణంగా ఎంసీఎక్స్ సాయంత్రం అయిదింటికే మూసేస్తున్న రోజులు. మనవాళ్లు చమురు చౌకగా దొరికిందని కొని పడుకున్నారు. ఆ రాత్రి అమెరికాలో ముడిచమురు బ్యారెల్ ధర సున్నా దాటి కిందికి పోయి మైనస్ 37.63 డాలర్ల దగ్గర తేలింది. ఇక్కడ సెటిల్‌మెంట్ ధర మైనస్ 2,884 రూపాయలు. సరుకు వదిలించుకోవడానికి కొన్నవాడే ఎదురు డబ్బు కట్టాల్సిన రోజది. మూసిన మార్కెట్లో, నష్టం పెరగకుండా ముందే పెట్టుకున్న స్టాప్‌లాస్ ఏం చేస్తుంది?

చెరువులో రొయ్య, ఫోన్‌లో రొయ్య షేరు

అల్లవరం, కాట్రేనికోన, సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువులున్నవాళ్లు తమకు తెలిసిన వ్యాపారం కదా అని అవంతి ఫీడ్స్, కాకినాడ నుంచి నడిచే ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ లాంటి షేర్లు కొంటుంటారు. తెలిసిన రంగంలో పెట్టడం మంచిదే. కానీ 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు భారత్ మీద 26 శాతం సుంకం ప్రకటించగానే చెరువు గట్టు మీద కౌంటు ధర, ఫోన్‌లో షేరు ధర కలిసికట్టుగా పడ్డాయి. వారం తిరిగేసరికి సుంకాలకు తొంభై రోజుల విరామమన్నారు, షేర్లు ఎగిశాయి. ఆగస్టులో సుంకం 50 శాతానికి చేరింది. షేరు అమ్మేసి బయటపడవచ్చు. ముప్ఫై కౌంటుకు, అంటే కిలోకు ముప్ఫై తూగే సైజుకు, రావాల్సిన రొయ్యను చెరువులో ఉంచాలా, ఇప్పుడే పట్టేయాలా అన్నది మాత్రం సీడ్ పోసినవాడికే తెలిసిన నరకం. రెండు చోట్లా ఒకే దెబ్బ తగిలేలా డబ్బు పెట్టుకోకూడదని ఆక్వా రైతుకు నేను గట్టిగా చెబుతాను.

గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు

రాజోలు దీవి నుంచి కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లు లేని వీధి ఉండదు. విదేశాల్లో స్థిరపడినవారికి మన చట్టం షేర్లు కొనుక్కోనిస్తుంది గానీ, పొద్దున కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడేకు అనుమతించదు. డెలివరీ తీసుకోవాల్సిందే. దాంతో కొందరు ఇంటి దగ్గర అమ్మ పేరు మీదో, బావమరిది పేరు మీదో ఖాతా తెరిచి అక్కడి నుంచి నడుపుతుంటారు. ఆ లాభం మీద పన్ను నోటీసు వచ్చేది అమ్మకే. నష్టం వస్తే ఇంటి మధ్య మాటలు తెగేది కూడా అక్కడే.

వడ్డీ సంగతీ చెప్పుకోవాలి. మన దగ్గర బయటి అప్పు అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. నిఫ్టీ 1995 నవంబరులో 1000 దగ్గర మొదలై 2025 మధ్యలో 25,000 దాటింది. ముప్ఫై ఏళ్లలో పాతిక రెట్లు. ఏడాదికి లెక్కేస్తే దాదాపు 11 శాతం. దేశంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ కలిసి ఇచ్చింది 11 అయితే, 24 వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఏటా గెలవాలనుకోవడం ఏ ధైర్యమో మరి.

తెలుగు కంపెనీలు నేర్పినవి

2009 జనవరి 7 పొద్దున సత్యం షేరు 179 రూపాయల దగ్గర ఉంది. భీమవరం దగ్గర గరగపర్రుకు చెందిన కంపెనీ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చాక సాయంత్రానికి నలభై. గోదావరి జిల్లాల్లో అభిమానంతో దాచుకున్న షేరది. నష్టం కన్నా నమ్మకం పోయినందుకు ఎక్కువ ఏడ్చారు.

హైదరాబాద్‌లో 1983లో మొదలైన కార్వీ తెలుగు పట్టణాల్లో షేర్లకు మారుపేరులా ఉండేది. 2019 నవంబరు 22న సెబీ దానిపై ఉత్తర్వు ఇచ్చింది, ఖాతాదారుల షేర్లను తన అవసరాలకు తాకట్టు పెట్టిందని. 2023లో దాని రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆ దెబ్బతోనే 2020 సెప్టెంబరు నుంచి తాకట్టు పద్ధతి మారింది. ఇప్పుడు షేరు మీ డీమ్యాట్ లోంచి కదలదు. తాకట్టుకు మీ ఫోన్‌కు ఓటీపీ రావాలి. డిపాజిటరీ నుంచి వచ్చే ఆ ఎస్ఎంఎస్‌లు చదవకుండా తీసేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

మంచి రోజులూ ఉన్నాయి. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల నాడు సెన్సెక్స్ 4,389 పాయింట్లు కూలింది. ఆ ఎన్నికల్లో గెలిచిన చంద్రబాబు నాయుడు 1992లో స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ మాత్రం ఆ వారంలో అయిదు సెషన్లలో 55 శాతం దాకా పెరిగింది. ముందు కొన్నవాడికి పండగే. అయిదో రోజు వార్త చూసి పరుగెత్తుకొచ్చి కొన్నవాడి సంగతి వేరు.

పంట విరామం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి వేయబోమని పంట విరామం ప్రకటించారు. దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. పెట్టుబడి పెరిగింది, ధర రావడం లేదు, గోదాములు నిండి ఉన్నాయి, కొనేవాడు లేడు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. దేశమంతా ఆ వార్తకు విస్తుపోయింది. నాకు తెలిసినంతలో ఒక సీమ మొత్తం కూడబలుక్కుని "ఈ ధరకు మేం ఆడం" అని మార్కెట్‌కు చెప్పిన సందర్భం అది. అన్నం పెట్టే నేలను బీడు పెట్టడం రైతుకు ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ట్రేడరుకు ఆ కష్టం లేదు. తొమ్మిదింపావుకు యాప్ తెరవకపోతే ఏ పంటా ఎండదు. అయినా ఒక్క రోజు ఖాళీగా కూర్చోలేనివాళ్లే ఎక్కువ.

ఆడవాళ్ల లెక్క

అమెరికాలో బార్బర్, ఒడీన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేల కుటుంబాల ఖాతాలు తీసి చూశారు. మగవాళ్లు ఆడవాళ్ల కన్నా 45 శాతం ఎక్కువగా కొని అమ్ముతున్నారనీ, అందువల్లే ఎక్కువ పోగొట్టుకుంటున్నారనీ 2001లో తేల్చారు. అందరికన్నా ఎక్కువ ట్రేడింగు చేసిన కుటుంబాలకు ఏడాదికి 11.4 శాతం వస్తే, ఆ కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9. చీటీ ఎప్పుడు పాడాలో, కురిడీ ఎప్పుడు వదలాలో ఇంట్లో ఆవిడను అడిగే మగవాడు, ఆప్షన్ కొనేటప్పుడు మాత్రం ఫోన్ అటు తిప్పుకుంటాడు. ఎందుకో నాకు అర్థం కాదు.

డబ్బా, టిప్పు, దొంగ యాప్

ఎక్స్ఛేంజీకి ఆర్డరు పంపకుండా, ధర మాత్రం చూసుకుంటూ నోటిమాట మీద నడిపే పందేన్ని డబ్బా ట్రేడింగు అంటారు. పన్ను లేదు, మార్జిన్ తక్కువ అని ఆశ చూపిస్తారు. చట్టం ప్రకారం దానికి పదేళ్ల దాకా జైలు, పాతిక కోట్ల దాకా జరిమానా. గెలిచి డబ్బు అడిగితే పందెం నడిపినవాడు ఇవ్వకపోయినా ఫిర్యాదుకు చోటు లేదు.

ఇప్పుడు అంతకన్నా పెద్ద బెడద వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో వచ్చే దొంగ యాప్‌లు. స్క్రీన్ మీద లాభం లక్షల్లో కనిపిస్తుంది. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. మోసమని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. సెబీ నమోదు చేసిన సంస్థలకు 2025 అక్టోబరు నుంచి '@వ్యాలిడ్' అనే గుర్తుతో వచ్చే ప్రత్యేక యూపీఐ చిరునామాలున్నాయి. ఎవరిదో వ్యక్తి పేరు మీది ఖాతాకు డబ్బు పంపమన్నారంటే అక్కడే ఆగిపోండి.

ఆదాయపు పన్ను దృష్టిలో వ్యాపారి

ఇంట్లో మంచం మీద కూర్చుని ఒక్క ఆప్షన్ లాట్ కొని అమ్మినా, ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో అది వ్యాపారం. ఉద్యోగి అయినా సరే మామూలు రిటర్ను చాలదు, ఐటీఆర్ 3 వేయాలి. ఇంట్రాడే షేర్ల నష్టాన్ని స్పెక్యులేషన్‌గా లెక్కించి నాలుగేళ్లు ముందుకు తీసుకెళ్లనిస్తారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ నష్టాన్ని ఎనిమిదేళ్లు. గడువులోగా రిటర్ను వేస్తేనే. జీతంలోంచి ఆ నష్టాన్ని తీసేసుకోవడం కుదరదు. ట్రేడింగుకు వాడిన ఇంటర్నెట్ బిల్లు, లాప్‌టాప్ తరుగుదల, బ్రోకరేజీ ఖర్చుగా చూపించుకోవచ్చు. చాలామంది నష్టం వచ్చింది కదా ఇంకేం కడతాం అని రిటర్నే వేయరు. అలా వేలు పోగొట్టుకున్నవాళ్లు ఆ వేల మీద రావాల్సిన వెసులుబాటు కూడా పోగొట్టుకుంటున్నారు.

రిటర్ను కోసం బ్రోకరు యాప్‌లో 'టాక్స్ పీ అండ్ ఎల్' అనే నివేదిక దొరుకుతుంది. ఏడాది పొడవునా చేసిందంతా, ఖర్చులతో సహా, అందులో ఉంటుంది. ఆడిటరుకు పంపే ముందు దాన్ని ప్రింటు తీసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. పేజీ చివరన ఎంత మిగిలిందో, ఎంత పోయిందో ఒక్క అంకెలో ఉంటుంది.